ఈ పేజీ పోతే నాకేమవుతుంది? మెమరీ రీక్లెయిమ్‌లో అప్లికేషన్‌కున్న దారులు, వాటిలో ఏది ఎప్పుడు

మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచేది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. ఒక పేజీని ఈమధ్య ఎవరైనా ముట్టుకున్నారా లేదా అన్నది కెర్నెల్‌కి సుమారుగా తెలుసు. అందులో ఏముందో మాత్రం తెలియదు. ఒక ఫొటో ఎడిటర్‌ని తీసుకోండి. స్క్రోల్ చేస్తున్నప్పుడు తయారైన థంబ్‌నెయిల్స్ ఒక పక్క, గంట క్రితం గీసి ఇంకా సేవ్ చేయని లేయర్ ఇంకో పక్క. కెర్నెల్‌కి రెండూ 4 కేబీ పేజీలే. మెమరీ తగ్గి పేజీల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు (దీన్నే రీక్లెయిమ్ అంటారు) అది చూసేది వయసు. కాబట్టి సేవ్ చేయని లేయర్‌ని కష్టపడి స్వాప్‌లో (డిస్క్ మీద పేజీల కోసం కేటాయించిన చోట) రాస్తుంది, పారేసినా నష్టంలేని థంబ్‌నెయిల్స్‌ని భద్రంగా ఉంచుతుంది. ఏది విలువైనదో తెలిసింది అప్లికేషన్‌కి, తీసుకునే అధికారం ఉన్నది కెర్నెల్‌కి.

ఈ రెంటినీ కలపడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లు రకరకాల దారులు ఇచ్చాయి. దారులు ఎక్కువై ఏది వాడాలో తెలియక చాలామంది మొదట కనిపించినదాన్ని వాడేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు కాల్ పేరు వెతికే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ పేజీ పోతే నాకేమవుతుంది? ఏమీ కాదా, మళ్లీ తయారుచేసుకోగలనా, పోకూడదు కానీ ఇప్పట్లో అక్కర్లేదా, లేక ఒక్క క్షణం కూడా దూరం కాకూడదా? జవాబు తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. మిగతా సగం, ఆ కోడ్ మీ చేతిలో ఉందా లేదా అన్నది.

పోయినా ఏమీ కాదు: డోంట్‌నీడా, ఫ్రీనా

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

లైనక్స్‌లో ఎంఅడ్వైజ్ అనే కాల్ ఉంది. పేరుకి సలహా. కానీ దానికి ‘డోంట్‌నీడ్’ అని చెబితే అది సలహా కాదు, ఆజ్ఞ. మామూలు ప్రైవేట్ అనానిమస్ మెమరీ (ఏ ఫైల్‌తోనూ ముడిపడని, ప్రాసెస్ సొంత మెమరీ) మీద వాడితే ఆ పేజీలు అప్పటికప్పుడు పోతాయి. ఏ అడ్రస్‌కి ఏ పేజీ అని చెప్పే పేజ్ టేబుల్‌లో వాటి ఎంట్రీలు చెరిగిపోతాయి, ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ ర్యామ్‌లో ఆక్రమించిన మెమరీ లెక్క) వెంటనే దిగుతుంది. అడ్రస్ మాత్రం చెల్లుతూనే ఉంటుంది. మళ్లీ ముట్టుకుంటే పేజ్ ఫాల్ట్ (పేజీ లేదని కెర్నెల్‌ని పిలిచే అంతరాయం) వచ్చి, సున్నాలతో నిండిన పేజీ దొరుకుతుంది. ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఇచ్చేటప్పుడు, వేరే కోర్‌ల మీద ఇదే ప్రాసెస్ నడుస్తుంటే వాటి టీఎల్‌బీలను (అడ్రస్ అనువాదాలు దాచుకునే చిన్న క్యాష్‌లను) కూడా శుభ్రం చేయించాలి. తిరిగి తీసుకునేటప్పుడు ప్రతి పేజీకీ ఒక ఫాల్ట్, దాంతోపాటు 4096 బైట్లకు సున్నాలు రాసే పని.

ఇదే కాల్‌కి చెప్పగల ఇంకో మాట ‘ఫ్రీ’. 2016లో లైనక్స్ 4.5 వెర్షన్‌తో వచ్చింది. ఇది బద్ధకంగా పనిచేస్తుంది, అదే దాని గొప్పతనం. పేజీ ఎక్కడికీ పోదు. కెర్నెల్ దాని డర్టీ బిట్ (పేజీలో ఏదో రాశారని చెప్పే గుర్తు) తుడిచి, ‘అవసరమైతే రాయకుండానే పారేయొచ్చు’ అని గుర్తు పెట్టుకుంటుంది. ఈలోగా మీరు ఆ పేజీలో ఏదైనా రాస్తే డర్టీ బిట్ మళ్లీ వెలుగుతుంది. రీక్లెయిమ్ వచ్చినప్పుడు కెర్నెల్ ఆ బిట్ చూసి పేజీని పారేయకుండా ఉంచుతుంది. అంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి ఇంకో కాల్ అక్కర్లేదు, రాస్తే చాలు. మెమరీని వదిలి, కాసేపటికే మళ్లీ అడిగే అల్లోకేటర్‌కి (ప్రోగ్రామ్‌కి మెమరీ పంచిపెట్టే లైబ్రరీకి) ఇంతకంటే చవకైనది లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఒత్తిడి లేనంతకాలం ఆర్‌ఎస్‌ఎస్ దిగదు. నేను చూసుకునే సర్వీసు ఒకటి రద్దీ సమయంలో 6 జీబీకి చేరి, రద్దీ తగ్గాక కూడా అక్కడే నిలబడిపోయేది. లీక్ అనుకున్నాం. రెండు రోజులు హీప్ ప్రొఫైల్స్ తిరగేశాం, లీక్ దొరకలేదు. చివరికి కెర్నెల్ తన లెక్కలు చూపించే ప్రాక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ తాలూకు ‘ఎస్‌మ్యాప్స్’ ఫైల్ తెరిస్తే, ‘లేజీఫ్రీ’ అనే వరుసలో పెద్ద అంకె కూర్చుని ఉంది. అదంతా ఎప్పుడో వదిలేసిన మెమరీయే. కెర్నెల్ తీసుకోలేదు, ఎందుకంటే దానికి అవసరం రాలేదు. మెషిన్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది పడింది గ్రాఫ్, ఆ గ్రాఫ్ చూసి టెన్షన్ పడిన మేము.

గో భాషకీ ఇదే అనుభవం. 2019లో 1.12 వెర్షన్‌తో దాని రన్‌టైమ్ లైనక్స్‌లో ‘ఫ్రీ’కి మారింది. ఆర్‌ఎస్‌ఎస్ దిగకపోవడం చూసి జనం గందరగోళపడటంతో 2021లో 1.16తో మళ్లీ ‘డోంట్‌నీడ్’కి వెనక్కి వచ్చింది. వేగం తక్కువని తెలిసీ తీసుకున్న నిర్ణయం అది. నాకది సరైనదే అనిపిస్తుంది. మెమరీ అంకెల్ని చూసి మనుషులో, ఆటోస్కేలర్లో నిర్ణయాలు తీసుకునే చోట ఆ అంకె నిజం చెప్పాలి. కాబట్టి నా సలహా: సర్వర్ మీద, కంటెయినర్‌లో, ఆర్‌ఎస్‌ఎస్ చూసి ఎవరో స్పందించే చోట ‘డోంట్‌నీడ్’. మెషిన్ మొత్తం మీదే, లెక్కలు ఎవరూ అడగరు, మెమరీ వదలడం పట్టడం సెకనుకి చాలాసార్లు జరుగుతుంది అంటే ‘ఫ్రీ’.

ఇంకో సంగతి. ‘డోంట్‌నీడ్’ అన్న పేరు అన్నిచోట్లా ఒకటే, అర్థం ఒకటి కాదు. ఫ్రీబీఎస్‌డీలో అది నిజంగానే సలహా, డేటా చెరిగిపోదు. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) పేరుతో ఉన్న కాల్‌కి ఇదే మాట చెబితే, లైనక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. తిరిగి చదివితే సున్నాలే వస్తాయని నమ్మి రాసిన కోడ్ లైనక్స్ దాటితే నమ్మకద్రోహం చేస్తుంది.

నిజానికి ఈ కాల్స్‌ని మీరు నేరుగా పిలవాల్సిన అవసరం తక్కువ. చిన్న చిన్న ముక్కలుగా పిలిస్తే సిస్టమ్ కాల్ ఖర్చే మిగులుతుంది. పైగా 2 ఎంబీ హ్యూజ్ పేజీ మధ్యలో ఒక 4 కేబీ వదిలితే ఆ పెద్ద పేజీ ముక్కలవుతుంది. జెమాలక్ లాంటి అల్లోకేటర్ వదిలిన పేజీల్ని వెంటనే ఇవ్వకుండా, డీఫాల్ట్‌గా సుమారు 10 సెకన్ల వ్యవధిలో మెల్లగా ఇస్తుంది. ఆ వ్యవధిని తగ్గించడమో పెంచడమో చేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. గ్లిబ్‌సీ వాడుతుంటే, పెద్ద పని ముగిశాక ఒకసారి ‘మాలక్ ట్రిమ్’ పిలిచి చూడండి. కొత్త కోడ్ రాయడం ఆ తర్వాతి మాట.

మళ్లీ తయారుచేసుకోగలను: క్యాష్‌లు

క్యాష్ విషయంలో కావాల్సింది వేరు. ‘ఉంటే మంచిది, అవసరమైతే తీసుకో, తీసుకుంటే మాత్రం నాకు చెప్పు.’ ఆ చివరి మాటే ముఖ్యం.

మ్యాక్‌ఓఎస్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. మెమరీని ‘వోలటైల్’ అని గుర్తు పెడతారు. వాడాల్సి వచ్చినప్పుడు ‘నాన్‌వోలటైల్’ అని మారుస్తారు. అలా మార్చేటప్పుడు పాత స్థితి ఏమిటో సిస్టమ్ తిరిగి చెబుతుంది. ‘ఖాళీ’ అని వస్తే లోపలి డేటా పోయింది, మళ్లీ కట్టుకోవాలి. పై స్థాయిలో ఎన్‌ఎస్‌పర్జబుల్‌డేటా, ఎన్‌ఎస్‌క్యాష్ ఉన్నాయి కాబట్టి చాలామందికి కింద ఉన్న కాల్ తెలియాల్సిన అవసరమే రాదు.

విండోస్‌లో 8.1 నుంచి ‘ఆఫర్ వర్చువల్ మెమరీ’, ‘రీక్లెయిమ్ వర్చువల్ మెమరీ’ అనే జంట ఉంది. ఆఫర్ చేసేటప్పుడు నాలుగు ప్రాధాన్య స్థాయిల్లో ఒకటి చెప్పొచ్చు. వెనక్కి అడిగినప్పుడు మెమరీ దొరుకుతుంది, కానీ డేటా పోయి ఉంటే ‘బిజీ’ అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. పేరు చూసి కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలేమో అనుకోకండి. దాని అర్థం ‘లోపలిది నమ్మకు’ అని.

లైనక్స్‌లో ఇలాంటిది నేరుగా లేదు. ఆండ్రాయిడ్ అష్‌మెమ్ అనే తన షేర్డ్ మెమరీ ఏర్పాటులో పిన్, అన్‌పిన్ పెట్టుకుంది. అదే ఆలోచనని వోలటైల్ రేంజెస్ పేరుతో అసలు కెర్నెల్‌లోకి తేవాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు, చేరలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే లోటు. ‘ఫ్రీ’తో కొంతవరకు పూడ్చుకోవచ్చు, అయితే జాగ్రత్తగా చేయాలి. ప్రతి పేజీ మొదటి పదంలో సున్నా కాని విలువ ఉండేలా చూసుకుని, ఆ విలువల్ని విడిగా వేరే చోట దాచుకోవాలి. తర్వాత ‘ఫ్రీ’ చెప్పాలి. వెనక్కి కావాల్సినప్పుడు ఒక్కో పేజీ మీద, ‘అక్కడ పాత విలువే ఉంటే దాన్నే మళ్లీ రాయి’ అనే అటామిక్ (మధ్యలో ఇంకేదీ దూరలేని) ఆపరేషన్ చేయాలి. గెలిస్తే ఆ రాత వల్ల పేజీ మనదైపోయినట్టు. ఓడితే అక్కడ సున్నా ఉందని, పేజీ పోయిందని అర్థం. చదివి చూసి తర్వాత రాద్దాం అనుకుంటే కుదరదు, చదవడానికీ రాయడానికీ మధ్య పేజీ మాయమైపోవచ్చు. ఒక్క పేజీ పోయినా మొత్తం వస్తువుని పారేసి కొత్తగా కట్టాలి.

క్యాష్‌లో ఒక్కో వస్తువు వందల కేబీల్లో ఉంటే ఈ శ్రమ పడొచ్చు. చిన్న చిన్న వస్తువులైతే వద్దు. ఒకే పేజీలో పదిమంది కాపురం ఉంటారు, ఎవరి కోసం పేజీని ఆపాలో తేలదు. అక్కడ ఒత్తిడి సంకేతం విని, క్యాష్‌ని మీరే కత్తిరించుకోవడం మేలు.

ఒత్తిడి సంకేతాలు

ఆండ్రాయిడ్‌లో ‘ఆన్‌ట్రిమ్‌మెమరీ’, ఐఓఎస్‌లో మెమరీ వార్నింగ్, మ్యాక్‌లో డిస్పాచ్ మెమరీ ప్రెషర్ సోర్స్, విండోస్‌లో మెమరీ రిసోర్స్ నోటిఫికేషన్, లైనక్స్‌లో 2018లో 4.20తో వచ్చిన పీఎస్‌ఐ (మెమరీలాంటి వనరుల కోసం పనులు ఎంతసేపు ఆగాయో చెప్పే లెక్క). పనిలో తేడాలున్నా ఆలోచన ఒకటే: సిస్టమ్ హెచ్చరిస్తుంది, ఏం వదలాలో అప్లికేషన్ తేల్చుకుంటుంది.

ఆండ్రాయిడ్ కోసం రాసేవాళ్లు ఒకటి గమనించాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి ట్రిమ్ స్థాయిల్లో చాలావాటిని అప్లికేషన్లకి పంపడం మానేశారు. తెర మీద నుంచి తప్పుకున్నప్పుడు వచ్చేది, బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లాక వచ్చేది, ఈ రెండే మిగిలాయి. ‘నడుస్తుండగా మెమరీ తగ్గింది’ అనే స్థాయిల మీద ఆధారపడిన పాత కోడ్ ఇప్పుడు ఎవరూ పిలవని కోడ్.

ఇక సంకేతం అందాక చేసే ఒక పొరపాటు. క్యాష్‌ని ఖాళీ చేయడానికి లిస్టు మొదటినుంచి చివరిదాకా నడుస్తాం. ఒక్కో నోడ్‌ని ముట్టుకుంటాం. ఆ నోడ్‌లు అప్పటికే స్వాప్‌లోకి వెళ్లి ఉంటే, వదిలించుకోవడం కోసం ఒక్కొక్కదాన్నీ డిస్క్ నుంచి వెనక్కి తెప్పించినట్టు అవుతుంది. మెమరీ చాలక విలవిల్లాడుతున్న మెషిన్‌కి మనం చేసే సాయం అది. మందు సులువైనదే: ఏ వస్తువు ఎక్కడుంది, ఎంతుంది అన్న వివరాలని డేటా పక్కన కాకుండా విడిగా ఒక చిన్న ప్రాంతంలో ఉంచండి. అప్పుడు డేటాని ముట్టుకోకుండానే, డేటా ఉన్న ప్రాంతం మొత్తాన్ని ఎంఅన్‌మ్యాప్ కాల్‌తో వదిలేయొచ్చు. హెచ్చరిక వచ్చినప్పుడు పిలిచే ఫంక్షన్‌లో కొత్తగా మెమరీ అడగకుండా చూసుకోవడం కూడా దీనిలాంటి జాగ్రత్తే.

పోకూడదు, కానీ ఇప్పట్లో అక్కర్లేదు

2019లో 5.4 వెర్షన్‌తో లైనక్స్‌కి ‘కోల్డ్’, ‘పేజ్‌అవుట్’ వచ్చాయి. రెండిటిలోనూ డేటా భద్రం. ‘కోల్డ్’ అంటే ఈ పేజీల్ని వరుసలో ముందుకి జరుపు, మెమరీ కావాల్సినప్పుడు వీటితో మొదలుపెట్టు అని. ‘పేజ్‌అవుట్’ అంటే ఇప్పుడే తీసెయ్ అని. ఈ పేజీలు మళ్లీ ఎప్పుడు అవసరమో మీకు కచ్చితంగా తెలియకపోతే ‘కోల్డ్’ చాలు. పొరబడినా నష్టం చిన్నది. అనానిమస్ మెమరీకి ‘పేజ్‌అవుట్’ పనిచేయాలంటే స్వాపో, జెడ్‌ర్యామో (పేజీల్ని కుదించి ర్యామ్‌లోనే దాచే స్వాప్) ఉండాలి. లేకపోతే కాల్ సజావుగానే ముగుస్తుంది, ఒక్క పేజీ కూడా కదలదు. ఇతర ప్రాసెస్‌లతో పంచుకున్న పేజీల మీద కూడా ఈ రెండూ పెద్దగా పనిచేయవు.

బయటి నుంచి వేరే ప్రాసెస్ తరఫున ఇదే మాట చెప్పడానికి 2020లో 5.10తో ‘ప్రాసెస్ ఎంఅడ్వైజ్’ వచ్చింది. ఫోన్‌లో ఏ యాప్ వెనక్కి వెళ్లిందో ఆ యాప్‌కంటే సిస్టమ్ సర్వీసుకే ముందు తెలుస్తుంది. అలాంటి చోటుకి సరిపోయే కాల్ ఇది, అందుకే అనుమతులు కూడా గట్టిగా అడుగుతుంది.

విండోస్‌లో వర్కింగ్ సెట్‌ని (ప్రాసెస్‌కి ర్యామ్‌లో ఉన్న పేజీల్ని) ఖాళీ చేసే పద్ధతి పాతది. దాన్ని అన్ని ప్రాసెస్‌ల మీదా నడిపి ‘మెమరీ పెంచాం’ అని చూపించే టూల్స్ వాడకండి. తీసేసిన పేజీల్లో వాడుకలో ఉన్నవన్నీ నిమిషంలో ఫాల్ట్‌ల రూపంలో తిరిగొస్తాయి. మధ్యలో మెషిన్ నెమ్మదించడమే ఫలితం.

క్షణం కూడా దూరం కాకూడదు

పేజీల్ని ర్యామ్‌లోనే కట్టేసే ఎంలాక్ కాల్‌కి రెండు సరైన కారణాలున్నాయి: రహస్య కీలు స్వాప్‌లో పడకుండా చూడటం, ఆడియోలాంటి పనుల్లో డిస్క్ కోసం ఆగే ఫాల్ట్ రాకుండా చూడటం. ‘మా ప్రోగ్రామ్ ముఖ్యమైనది’ అన్నది కారణం కాదు.

కీల కోసమైతే కొన్ని పేజీలు చాలు. మామూలు వినియోగదారుడికి కెర్నెల్ ఇచ్చే డీఫాల్ట్ పరిమితి చాలాకాలం 64 కేబీ ఉండేది, 5.16తో 8 ఎంబీ చేశారు. ఒకటి గుర్తుంచుకోండి: కంప్యూటర్‌ని హైబర్నేట్ చేస్తే లాక్ చేసిన పేజీలు కూడా డిస్క్ మీదికి వెళ్తాయి. ఫోర్క్ చేస్తే పిల్ల ప్రాసెస్‌కి లాక్‌లు రావు.

ఆలస్యం రాకుండా చూడటం కోసమైతే, ప్రాసెస్ మెమరీ మొత్తాన్నీ లాక్ చేసే ‘ఎంలాక్‌ఆల్’ని ఉన్నదున్నట్టు వాడొద్దు. ముందుముందు వచ్చే మెమరీకి కూడా వర్తించేలా పిలిస్తే, ప్రతి థ్రెడ్‌కీ కేటాయించే 8 ఎంబీ స్టాక్ మొత్తం, వాడినా వాడకపోయినా, ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. వంద థ్రెడ్‌లకి 800 ఎంబీ. 4.4లో వచ్చిన ‘ఆన్‌ఫాల్ట్’ పద్ధతి ముట్టుకున్న పేజీనే లాక్ చేస్తుంది. దాన్ని వాడండి. అంత కఠినం అక్కర్లేదంటే, సీగ్రూప్‌లో (ప్రాసెస్‌లని గుంపుగా చేర్చి పరిమితులు పెట్టే లైనక్స్ ఏర్పాటులో) ‘మెమరీ.లో’ పెట్టి కాపాడటం నయం. వేరే చోట దొరికినంతకాలం నీ జోలికి రారు, మరీ గతిలేనప్పుడు తీసుకుంటారు. ‘మెమరీ.మిన్’ అయితే అప్పుడు కూడా తీసుకోరు, దానికి బదులు ఇంకెవరో చావాల్సి వస్తుంది.

కోడ్ మీ చేతిలో లేనప్పుడు

అప్పుడు సీగ్రూప్ రెండో వెర్షనే దారి. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ వాడేవాళ్లు యూనిట్ ఫైల్‌లో రెండు వరుసలు రాస్తే చాలు. ‘మెమరీ.మ్యాక్స్’ గోడ. తగిలాక రీక్లెయిమ్ కుదరకపోతే ఆ గుంపులో ఎవరో ఒకరు చస్తారు. ‘మెమరీ.హై’ గోడ కాదు, బురద. దాటినవాళ్లని చంపదు, మెమరీ అడిగిన ప్రతిసారీ రీక్లెయిమ్ పని చేయించి నెమ్మదింపజేస్తుంది. ఒక్క ‘హై’ మాత్రమే, అదీ మరీ తక్కువగా పెడితే, ప్రోగ్రామ్ చావూ కాదు బతుకూ కాదన్నట్టు వేలాడుతుంది. రీస్టార్ట్ చేసే సూపర్‌వైజర్‌కి అది బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండూ కలిపి పెట్టండి, ‘హై’ని ‘మ్యాక్స్’కి కాస్త కిందగా.

‘హై’ని ఎంతకి పెట్టాలో తెలియనప్పుడు 2022లో 5.19తో వచ్చిన ‘మెమరీ.రీక్లెయిమ్’ అక్కరకొస్తుంది. ఆ ఫైల్‌లో ఒక పరిమాణం రాస్తే, కెర్నెల్ ఆ గుంపు నుంచి అంత మెమరీ ఒకసారి తీసే ప్రయత్నం చేస్తుంది. శాశ్వతమైన పరిమితి ఏదీ మిగలదు. కొద్దిగా తీయడం, పీఎస్‌ఐ అంకె చూడటం, పెరిగితే ఆగడం. మెటా తన సెన్‌పాయ్ టూల్‌తో చేసిన పని సారాంశం ఇదే.

ఇన్ని దారులున్నా చివరి మాట ఎందుకు కెర్నెల్ దగ్గరే ఉంటుందో 1995లో ఎంఐటీ వాళ్లు పరిశోధన కోసం కట్టిన ఎక్సోకెర్నెల్ అనే సిస్టమ్ చూపించింది. అందులో మెమరీ కావాల్సినప్పుడు కెర్నెల్ అప్లికేషన్‌నే అడిగేది: నీ పేజీల్లో ఏది ఇస్తావో నువ్వే తేల్చుకో. ఎంతో గౌరవమున్న పద్ధతి. అయినా అప్లికేషన్ స్పందించకపోతే బలవంతంగా లాక్కునే నియమం అందులోనూ పెట్టాల్సి వచ్చింది. డేటాబేస్‌లు కొన్ని డైరెక్ట్ ఐఓతో, కెర్నెల్ ఫైల్ డేటాని దాచుకునే పేజ్ క్యాష్‌ని పక్కనపెట్టి సొంత బఫర్ పూల్ నడుపుకుంటాయి. దాని జోలికి మీరు వెళ్లాల్సింది, ఏ పేజీ ఎప్పుడు కావాలో మీ ప్రోగ్రామ్‌కి నిజంగా ముందే తెలిసినప్పుడు మాత్రమే.

ఎంచుకున్నాక పరీక్షించడం

ఖాళీగా ఉన్న మెషిన్ మీద ఏ ఎంపికైనా బాగానే కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌ని ఒక సీగ్రూప్‌లో పెట్టి, మామూలుగా వాడే మెమరీలో నాలుగింట మూడొంతులకి ‘మెమరీ.హై’ తగ్గించి, రోజూ ఉండే పనిభారం పెట్టండి. తర్వాత ఆ గుంపు ‘మెమరీ.స్టాట్’లో రెండు వరుసలు చూడండి. ఒకటి మేజర్ ఫాల్ట్‌ల (డిస్క్ దాకా వెళ్లాల్సి వచ్చిన ఫాల్ట్‌ల) లెక్క, రెండోది ‘వర్కింగ్‌సెట్ రీఫాల్ట్ అనాన్’, అంటే బయటికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చిన అనానిమస్ పేజీల లెక్క. మీరు ‘పేజ్‌అవుట్’ చెప్పడం మొదలుపెట్టాక ఈ రెండో అంకె అంతకుముందుకంటే వేగంగా పెరుగుతుంటే, చల్లబడ్డాయని మీరు చెప్పిన పేజీలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. రేంజ్ తగ్గించి, లేదా ‘కోల్డ్’కి మారి మళ్లీ కొలవండి.